ఒకటో నంబరు టేబుల్

మా తమ్ముడు వినోద్ కుమార్ దోహాలో మేనేజరు. మా చర్చి వాడలో ఎవరినడిగినా ఇదే చెబుతారు. ఉద్యోగం పూర్తి పేరు అసిస్టెంట్ రెస్టారెంట్ మేనేజర్. సెలవు మీద వచ్చినప్పుడల్లా వాడు మొదటి రెండు మాటల్ని అక్కడి ఎయిర్‌పోర్టులోనే వదిలేసి, మూడోదాన్ని మాత్రం జాగ్రత్తగా ఇబ్రహీంపట్నం దాకా మోసుకొస్తాడు. సముద్రం ఒడ్డున ఉన్న పెద్ద హోటలట. కిటికీ తెరిస్తే నీళ్ళు, స్నానాల గదిలో బంగారు రంగు కుళాయిలు. వాటి పక్కన నిలబడి దిగిన ఫొటో కూడా తెచ్చి చూపించాడు.

నా పేరు స్తుతి. వాడికి అక్కను, ఇబ్రహీంపట్నం డిపోలో కండక్టర్ని. బస్సు కిటికీలోంచి దస్తీ, అంటే చేతిరుమాలు, విసిరి సీటు ఆపుకుని, ఆ దస్తీ మీద ఇంకొకరు కూర్చుంటే ఏడు తరాలను తిట్టిపోసే ఊరు మాది. ఆడవాళ్ళకు టికెట్ లేకుండా చేశాక ఆ తిట్లు ఇంకా పదునెక్కాయి. ఎవరు కూర్చున్నారు, ఎవరు నిలబడ్డారు అన్నది చిన్న సంగతని నాకెవరూ చెప్పనక్కర్లేదు.

ఈ ఎండాకాలం వాడు వచ్చిన రోజే ఇంట్లో ప్రమాదం జరిగింది. మా అమ్మ మరియ అన్నం తినడానికి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబోతోంది. వీడు గబగబా వెనక్కి వెళ్ళి కుర్చీ లాగాడు. పెద్ద హోటళ్ళలో ఆడవాళ్ళు కూర్చునేటప్పుడు కుర్చీని వెనక్కి లాగి, వాళ్ళు వంగగానే మళ్ళీ ముందుకు జరపాలట. వీడు లాగడం దాకా సరిగ్గానే చేశాడు. జరిపేలోపే అమ్మ నేల మీద కూలబడింది.

"నీ చేతులిరగ! ముసల్దాన్ని పడగొట్టుడు నేర్సనీకెనా గంత దూరం పోయినవ్?" అని అమ్మ కింద కూర్చునే తిట్టింది.

వాడు తల ఒక పక్కకు వంచి, చేతులు కట్టుకుని, "అసౌకర్యానికి క్షమించండి" అన్నాడు. వాడికి ఆ నవ్వొకటి అలవాటైంది. దాన్ని ఆపే మీట ఎక్కడో హోటల్లోనే ఉండిపోయినట్టుంది. కరెంటు బిల్లు కొట్టే మనిషి వచ్చినా అదే నవ్వు, చర్చిలో పాస్టరు ప్రసంగిస్తున్నా అదే నవ్వు. గిలాసలో నీళ్ళు సగం తాగేసరికి మళ్ళీ నింపేవాడు. మా నాన్న, మేం బాపు అంటాం, నీళ్ళు తాగడమే మానేశాడు.

అమ్మకు నడుం నొప్పి తగ్గాక అసలు ప్రశ్న అడిగింది.

"గా హోటల్ల వండుతవా?"

"లేదమ్మా. వండెటోళ్ళు వేరే ఉంటరు."

"వడ్డిస్తవా?"

"వడ్డించెటోళ్ళు వేరే."

"గిన్నెలు కడుగుతవా మరి?"

"అమ్మా! నేను మేనేజర్ని."

"గదే. ఏం జేస్తవ్ రా?"

"తలుపు కాడ నిలవడ్త. వచ్చినోళ్ళని ఎక్కడ గూసోవెట్టాల్నో, ఎవర్ని జరసేపు ఆపాల్నో నేనే జూస్త. రెస్టారెంట్ల వంట గాదమ్మా, కుర్చీలే అసలు పని."

అమ్మ నా వైపు తిరిగింది. "మీ అక్క గూడ గదే జేస్తది, బస్సుల" అంది. నాకు ఖాకీ, వాడికి నల్లకోటు. జీతాల తేడా గురించి ఇక్కడ మాట్లాడను, ఒళ్ళు మండుతుంది.

వాడికి ప్రమోషన్ ఎట్లా వచ్చిందో కూడా చెప్పాడు. రోజుకోసారి చెప్పాడు. ఒకసారి ఎవరో పెద్దమనిషి పరివారంతో వచ్చి, కిటికీ పక్క టేబుల్ కావాలన్నాడట. అక్కడ ఒక ముసలి జంట సూపు తాగుతోందట. వాళ్ళను లేపమన్నాడట. మావాడు చేతులు కట్టుకుని, "కూర్చున్న గెస్టును లేపం సర్, ఎవరొచ్చినా లేపం" అన్నాడట. పెద్దమనిషి కేకలు వేసి వెళ్ళిపోయాడట. వీడి పని అయిపోయిందని అందరూ అనుకుంటుంటే, పైవాళ్ళు పిలిచి భుజం తట్టి, అసిస్టెంట్‌ని చేశారట.

నేను ఒక్క ముక్క నమ్మలేదు. వీడి ధైర్యం నాకు తెలియనిదా? పదో తరగతిలో జంగా పటేల్ కొడుకు అక్షయ్ వచ్చి మొదటి బెంచీలో వీడి జాగా ఖాళీ చెయ్యమంటే, పుస్తకాలు సర్దుకుని చివరి బెంచీకి పోయిన ఘనుడు. ఏడాదంతా బోర్డు కనపడక, నా నోట్సులు తిరగరాసి పరీక్ష గట్టెక్కాడు.

జంగా పటేల్ గురించి చెప్పాలి. మా బాపు యోబు బతుకులో ఎక్కువ భాగం ఆయన పొలంలోనే గడిచింది. పొలమంతా ప్లాట్లయ్యాక హద్దురాళ్ళు పాతిందీ బాపే, ఆ రాళ్ళకు వాచ్‌మన్‌గా కాపలా ఉన్నదీ బాపే. మోకాళ్ళు అరిగి లేవలేకపోతున్నాడని తెలిశాక, పటేలు ఎంతో దయతో రేపటి నుంచి రావద్దన్నాడు. పటేలింట్లో ఏ దావత్ అయినా బాపుకు అందరికంటే ముందు పిలుపొచ్చేది. కట్టెలు కొట్టాలి, పొయ్యిగుంటలు తవ్వాలి, ఒక్కో బంతి లేచాక విస్తళ్ళు ఎత్తిపారెయ్యాలి. అన్ని బంతులూ అయ్యాక పశువుల కొట్టం వెనక తినాలి. కంచం మాత్రం ఇంటి నుంచి తెచ్చుకోవాలి. తర్వాత కాగితం ప్లేట్లు వచ్చి కంచం మోసే పని తప్పింది. కొట్టం వెనక జాగా తప్పలేదు. కాలం చాలా మారిపోయిందని పటేలింటివాళ్ళు ఇప్పటికీ అంటుంటారు.

అట్లాంటి ఇంటి నుంచి పటేలు భార్య రాధమ్మ మా గడపలోకి వచ్చింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి చూశాను ఆమెను మా వాడలో. సందు ఇరుకు కాబట్టి కారు మూల మీదే ఆగింది. వెనక అక్షయ్, చేతిలో ఫోను. అమ్మ హడావుడిగా కుర్చీ వేసి, తోమిన గిలాసలో నీళ్ళు తెచ్చింది.

"వద్దు మరియా, డాక్టర్ బయట నీళ్ళు తాగొద్దన్నడు" అని రాధమ్మ తన సంచీలోంచి సీసా తీసి తాగింది.

వచ్చిన పని చెప్పింది. కూతురు ఉజ్వలకు నాదర్‌గుల్ సంబంధం కుదిరింది. ఎంగేజ్‌మెంట్ సాగర్ రోడ్డు మీద కట్టిన తమ సొంత ఫంక్షన్ హాల్లోనే. "అందరు బఫేలు వెడ్తున్నరు. మనం టేబుళ్ళేసి, గూసోవెట్టి వడ్డియ్యాలె అని పటేలు పట్టువట్టిండు. ఆళ్ళు మస్తు దేశాలు తిరిగినోళ్ళు. మన వినోద్ ఉండంగ ఇంకొకళ్ళెందుకు? గా ఒక్క పూట ఫారిన్ లెక్క జేసివెడ్తే సాలు."

మన వినోద్. అప్పటిదాకా యోబు కొడుకు.

మావాడు తల పక్కకు వంచి నవ్వాడు. "తప్పకుండా మేడం" అన్నాడు. నాకు అరికాలి నుంచి మంట లేచింది. దోహాలో నలభై మందికి పని చెప్పేవాడు, ఊళ్ళోకి రాగానే పటేలింటి దావత్‌కు పనివాడు. తండ్రి పారతో చేసింది కొడుకు కోటుతో చేస్తాడు, అంతే తేడా.

రాధమ్మ వెళ్తూ ఒక కార్డు ఇచ్చింది. మీద పెన్నుతో 'శ్రీ యోబు గారు, కుటుంబం' అని రాసుంది. బాపు దాన్ని అటూ ఇటూ తిప్పి, నాతో పైకి చదివించుకుని, తర్వాత అడిగాడు.

"బిడ్డా, కార్డిచ్చిండ్రంటే ఇగ బంతిల గూసుండి తినుడేనా? లేకుంటే కట్టెలకాడికా?"

కార్డులో ఆ సంగతి ఎక్కడా రాసిలేదు.

"నేను పటేలింటి దావత్‌ల ఎన్నడు గూసుండి తినలే. నలుగుట్ల గూసుండి తినాలనున్నది. ఒక్కపాలి. గంతే" అన్నాడు బాపు. కళ్ళు కార్డు మీదే ఉన్నాయి.

అప్పుడు వినోద్ ముఖం మీద నవ్వు మొదటిసారి పోయింది. "బాపూ, నిన్ను ఒకటో నంబరు టేబుల్ల గూసోవెడ్త. స్టేజీ ముంగట" అన్నాడు.

"అనుడు అల్కనే, జేసుడే కష్టం" అన్నాను నేను. "పటేలు ఒక్క సూపు జూస్తే నీ నడుం వంగుతది."

"నా పని నాకు దెలుసక్కా" అన్నాడు.

మర్నాడు పటేలు దగ్గరకు వెళ్ళి ఒకే ఒక్క షరతు పెట్టాడు. ఎవరు ఎక్కడ కూర్చోవాలో మొత్తం తన చేతుల్లో ఉండాలి, నడుమ ఎవరూ వేలు పెట్టకూడదు. పటేలు హాయిగా నవ్వి, "గా పూట హాలంతా నీదే పోరా" అన్నాడట. కుర్చీల సంగతే కదా అనుకుని ఉంటాడు పాపం.

మా దిక్కు దావత్‌లో కూర్చునే పద్ధతి తెలియనివాళ్ళ కోసం చెబుతాను. ఖాళీ కుర్చీ కోసం వెతకడం తెలివితక్కువ పని. తింటున్న మనిషిని ఎంచుకుని, ఆ కుర్చీ వెనక నిలబడాలి. కుర్చీ మీద చెయ్యి వేస్తే ఇక అది మనదే. మన ఊపిరి ఆ మనిషి మెడకు తగులుతుండాలి. పప్పులో ఉన్నాడా, పెరుగులోకి వచ్చాడా అని భుజం మీదుగా తొంగిచూడాలి. పెరుగు కలపగానే ఒక అడుగు ముందుకు జరగాలి. మనిషి లేచీ లేవకముందే కూర్చోవాలి, కుర్చీ ఇంకా వెచ్చగా ఉండగానే. కలెక్టరైనా మా ఊళ్ళో దావత్ తినాలంటే దారి ఇదే.

వినోద్ దీన్ని రద్దు చేశాడు. హాలు గుమ్మానికి ఎర్ర తాడు కట్టించాడు. బయట సోఫాలు వేయించాడు. తను వచ్చి పిలిచి, తీసుకుపోయి కూర్చోబెడితే తప్ప ఎవరూ లోపలికి రాకూడదు. వంట కాంట్రాక్టు పట్టుకున్న మల్లేష్ మనుషులకు రెండు రోజులు నడక నేర్పాడు.

"అన్నా, మావోళ్ళు బకెట్ పట్టుకొని ఉరుకుడే నేర్సిండ్రు. గిట్ల పెండ్లిపిల్ల లెక్క నడిస్తే కూర సల్లారుతది" అని మల్లేష్ మొత్తుకున్నాడు.

"కుడి పక్క నుంచి వడ్డియ్యాలె. 'ఇంకొంచెం ఏసుకో' అని మీద వడొద్దు. ఒక్కసారి అడుగు, వద్దంటే పో" అన్నాడు వీడు.

"ఒక్కసారి అడిగితే మన దిక్కు ఎవడన్న అవ్ అంటడానే?" అని మల్లేష్ తల పట్టుకున్నాడు. మల్లేష్ చెప్పిందే నిజం. మా దగ్గర మూడోసారికి గానీ అవునని ఎవరూ అనరు. మొదటి రెండుసార్లూ వద్దనడం మర్యాద.

ఎంగేజ్‌మెంట్ రోజు బాపు తెల్లారేసరికే గడ్డం గీసుకుని, క్రిస్మస్ నాటి తెల్లచొక్కా వేసుకుని కూర్చున్నాడు. మధ్యాహ్నం భోజనాలకు పొద్దున్నే. "ముందుగాల్నే పోయి కట్టెలు జూసి వద్దునా?" అని ఒకటికి రెండుసార్లు అడిగాడు. గ్యాస్ పొయ్యిలొచ్చాయి, కట్టెలెక్కడివని అమ్మ గదిమింది. అయినా చేతులు ఊరుకోక గుమ్మం ముందు ఆకులు ఏరుతూ ఉన్నాడు.

మేము వెళ్ళేసరికి హాలు ముందు జనం ఎర్ర తాడు దగ్గర తోసుకుంటున్నారు. ఆ ఎండలో నల్లకోటు వేసుకుని మావాడు తాడుకు అవతల నిలబడి ఉన్నాడు. చెమట కాలరు దాకా దిగింది, నవ్వు మాత్రం చెక్కుచెదరలేదు. "రెండే రెండు నిమిషాలు సర్. మీ టేబుల్ తయారైతున్నది సర్." మండలానికి పెద్దగా పనిచేసిన ఒకాయన మీసం దువ్వుతూ, "నేనెవరో ఎరికేనా?" అన్నాడు. "ఎరికే సర్. అందుకే మంచి టేబుల్ జూస్తున్న" అన్నాడు వినోద్. ఆయనకు కోప్పడాలో సంతోషపడాలో తెలియక సోఫాలో కూర్చున్నాడు. మంచాల ఊరి నుంచి వచ్చిన ఒకడు ఆగలేక, తాడు మీదుగా లోపలి కుర్చీలోకి దస్తీ విసిరాడు. గురి తప్పలేదు. మావాడు ఆ దస్తీని రెండు వేళ్ళతో తీసి, నాలుగు మడతలు పెట్టి, ప్లేటులో పెట్టి తెచ్చి, "ఇది మీదే అనుకుంటా సర్" అని ఇచ్చాడు. దస్తీ ఇంత గౌరవంగా వెనక్కి రావడం మా మండలంలో ఇదే మొదటిసారి.

బాపు తాడు దగ్గరకే రాలేదు. జనరేటరు పక్కన, చెప్పులు విడిచిన చోట నిలబడ్డాడు. వినోద్ అందరి తలల మీదుగా చూసి గట్టిగా పిలిచాడు.

"యోబు గారి కుటుంబం! ఒకటో నంబరు టేబుల్!"

సోఫాల్లోని తలలన్నీ తిరిగాయి. బాపు వెనక్కి చూశాడు, ఇంకో యోబు గారు ఎవరైనా ఉన్నారేమోనని. నేను చెయ్యి పట్టుకుని నడిపించాను. తాడు తీసి, ముందు నడుస్తూ, వినోద్ మమ్మల్ని స్టేజీ ఎదుట తెల్ల గుడ్డ పరిచిన టేబుల్ దగ్గరకు తీసుకుపోయాడు. అమ్మ కోసం కుర్చీ వెనక్కి వెళ్ళాడు. అమ్మ రెండు చేతులా కుర్చీ పట్టుకుని, "నువ్ జరుగు బిడ్డా, నేను గూసుంట" అంది.

బగారన్నం వచ్చింది, మటన్ వచ్చింది. బాపు మొదట ప్లేటు మీదికి బాగా వంగి, గబగబా తినడం మొదలుపెట్టాడు. కొట్టం వెనక తినేటప్పటి అలవాటు. ఎవరైనా పనికి పిలిచేలోపు ముగించాలి కదా. కాసేపటికి ఎవరూ పిలవడం లేదని అర్థమైంది. అప్పుడు నడుం నిటారుగా పెట్టి, స్టేజీ మీద ఉజ్వలను, పైన వేలాడే దీపాలను చూసుకుంటూ నమలడం మొదలుపెట్టాడు. నాకు ఏడుపు వచ్చింది, ఏడవలేదు.

అప్పుడే నాదర్‌గుల్ నుంచి మరో నాలుగు కార్లు దిగాయి. వాళ్ళు చెప్పినదానికంటే ఎక్కువ మంది, పైగా పెళ్ళికొడుకు తాత ఉన్నాడు. హాల్లో ఒక్క టేబుల్ ఖాళీ లేదు. అక్షయ్ గుమ్మం దగ్గరకు పరిగెత్తుకొచ్చాడు. స్టేజీ గుమ్మానికి పక్కనే, అందుకే మా టేబుల్‌కు ప్రతి మాటా వినిపించింది.

"అరే వినోద్, ఒకటో టేబుల్ ఖాళీ జేయించు. యోబు మనోడే గద, తర్వాత తింటడు."

మనోడు. మా ఊళ్ళో ఈ మాట ఎవరిని అంటారో వాళ్ళు ఆఖరున తింటారు. నేను చూసింది అక్షయ్‌ని కాదు, మా తమ్ముణ్ణి. వాడి తల పక్కకు వంగింది, చేతులు కట్టుకున్నాయి, నడుం వంగింది. అయిపోయింది, మళ్ళీ చివరి బెంచీకే అనుకున్నాను. బాపు ప్లేటు ఎత్తుకుని ఏ మూలకు పోవాలా అని కూడా చూసిపెట్టుకున్నాను.

"కూర్చున్న గెస్టును లేపం సర్" అన్నాడు వినోద్.

"ఏంది?"

"ఎవరొచ్చినా లేపం సర్. ఇంకో టేబుల్ తయారు జేయిస్తున్న. గందాక సోఫాల్ల గూసోండ్రి."

"గెస్టు ఎవడ్రా? యోబా?"

"ఒకటో నంబరు టేబుల్ గెస్టు సర్."

అక్షయ్ వెళ్ళి తల్లినీ తండ్రినీ తీసుకొచ్చాడు. పటేలు గొంతు తగ్గించి, పళ్ళ మధ్య నుంచి మాట్లాడాడు. "నా హాల్ల నా వియ్యంకులు నిలవడాల్నారా?"

"నిలవడుడు దేనికి పటేలా? గూసోండ్రి. సల్లటి నీళ్ళు దెప్పిస్త" అని వినోద్ చెయ్యి ఊపాడు. మల్లేష్ మనిషి ఒకడు పెండ్లిపిల్ల నడకతో ట్రే పట్టుకొచ్చాడు. వినోద్ ఒక సీసా తీసి రెండు చేతులతో రాధమ్మకు అందించాడు. "సీల్ బాటిలే మేడం. ఫికర్ జెయ్యకుండ తాగుండ్రి."

ఆమె తీసుకుంది. ఏం చేస్తుంది, వియ్యపురాలు పక్కనే ఉంది.

పెళ్ళికొడుకు తాతకు ఈ గొడవేమీ పట్టలేదు. సోఫాలో కూర్చుని ఫ్యాను తన వైపు తిప్పించుకున్నాడు. పటేలే ఆగలేకపోయాడు. పరువు పోతుందన్న కంగారులో ఫారిన్ పద్ధతి మరిచిపోయి, తనకు పుట్టుకతో వచ్చిన పద్ధతికి వచ్చేశాడు. తాడు దాటి లోపలికి వచ్చి, మా బాపు కుర్చీ వెనక నిలబడి, కుర్చీ మీద చెయ్యి వేశాడు.

బాపు వెనక్కి చూడలేదు. కుర్చీ వెనక మనిషి నిలబడటం దావత్‌లో వింతేం కాదు. బొక్క చీకుతూ, "జర ఆగు బిడ్డా, ఇంక పెరుగు గూడ రాలే" అన్నాడు.

అమ్మ చెయ్యి నోటి దగ్గరే నిలిచిపోయింది. అమ్మ ముఖం చూసి బాపు తల తిప్పాడు. కుర్చీ మీద ఉంగరాల చెయ్యి కనిపించింది, దాని పైన పటేలు ముఖం. బాపు మోకాళ్ళు, లేవలేవని పటేలే పనిలోంచి తీసేసిన ఆ మోకాళ్ళు, వాటంతటవే లేచాయి. సగం లేచాడు. నేను చొక్కా అంచు పట్టుకున్నాను.

వినోద్ కుడి పక్క నుంచి వచ్చాడు. పటేలు వైపు చూడలేదు. బాపు వైపు వంగి, "సర్, ఇంకేమన్న తెప్పియ్యాల్నా?" అన్నాడు.

బాపు కొడుకును చూశాడు. పటేలును చూశాడు. సగం లేచిన మనిషి అట్లాగే కాసేపు ఉండి, తర్వాత కూర్చున్నాడు.

"మటన్ దెప్పియ్యి" అన్నాడు. "జర మెత్తటి ముక్కలు. నాకు పండ్లు లేవు."

మటన్ వచ్చింది. బాపు తిన్నాడు. మెల్లగా, ఒక్కో ముక్కా. తర్వాత అన్నం, తర్వాత పెరుగు. మల్లేష్ మనిషి ఇంకొంచెం పెరుగు అంటే మొదటిసారికే అవ్ అన్నాడు. నేను కూడా రెండోసారి పెరుగు వేయించుకున్నాను, కడుపులో జాగా లేకపోయినా. పటేలు చెయ్యి కుర్చీ మీద నుంచి తియ్యలేదు. తీస్తే తాడు దగ్గర కాచుకున్న మంచాల దస్తీవాడు పట్టుకుంటాడు, ఆ సంగతి ఆయనకూ తెలుసు.

ఈలోపు స్టేజీ పక్కన టేబుల్ ఒకటి ఖాళీ అయింది. వినోద్ పెళ్ళికొడుకు తాతను తన చేతులతో నడిపించుకుపోయి కూర్చోబెట్టాడు. ఆ ముసలాయన కడుపునిండా తిని, ఏర్పాట్లు బాగున్నాయని పోయాడు. పటేలు మా కుర్చీ దగ్గర నిలబడి ఉండగానే ఇదంతా జరిగిపోయింది. బాపు చెయ్యి కడుక్కుని లేచాక, ఆ కుర్చీలో పటేలు కూర్చోనే లేదు.

ఇంటికొచ్చాక మా మేనేజరు కోటు విప్పి గోడకు ఆనుకుని కూలబడ్డాడు. "అక్కా, పటేలు దోహాకు ఫోన్ జేస్తడా? నా నౌకరి పోతదా?" అన్నాడు. కిటికీ టేబుల్ కథ నిజమేనని అప్పుడు నమ్మాను. అంత భయపడేవాడు కథలు కట్టలేడు. ముంతలో నీళ్ళు తెచ్చిచ్చి, నోటికొచ్చినన్ని తిట్లు తిట్టి, తల నిమిరాను.

వాడు దోహా వెళ్ళిపోయాడు. యోబు కొడుక్కు పనే రాదని, ఫారిన్ అంతా ఒట్టిదేనని పటేలింటివాళ్ళు ఊరంతా చెప్పారు. మళ్ళీ యోబు కొడుకయ్యాడన్నమాట. అక్కడి నుంచి వీడియో కాల్ చేసినప్పుడల్లా అమ్మ అన్నం ఎడమ పక్క నుంచి వడ్డిస్తోందని తప్పులు పడుతున్నాడు.

వానలు మొదలయ్యాక ఉజ్వల పెళ్ళి పిలుపు వచ్చింది. ఈసారి రాధమ్మ రాలేదు. అక్షయ్ నా వాట్సాప్‌కు కార్డు పంపాడు. హాల్లో కుర్చీలన్నీ తీయించేశారని, భోజనాలు బఫే అని మల్లేష్ ముందే చెప్పాడు. మా బాపు పక్కన కూర్చోవాల్సి వస్తుందని ఊళ్ళో అందరినీ నిలబెట్టాడు పటేలు మహానుభావుడు.

బాపుకు కార్డు చదివి వినిపించాను.

"బఫే అంటే?" అన్నాడు.

"ప్లేటు వట్టుకొని నిలవడి తినుడు బాపూ. అందరు. పటేలు గూడ."

బాపు మోకాలు రుద్దుకున్నాడు.

"నిలవడి మస్తు తిన్న బిడ్డా. గూసోవెడ్తే వస్తనని జెప్పు" అన్నాడు.

ఆ మాటను ఉన్నది ఉన్నట్టు టైపు చేసి అక్షయ్‌కు పంపాను.